కోడళ్లు పలకని పేరు

బిష్కెక్,
12 మార్చి 1993

నానమ్మా, సలాం.

నాకు ఉద్యోగం దొరికింది. ఊరి పేర్ల సంఘంలో. సంఘం పేరు పెద్దది, గది చిన్నది. ముగ్గురు మనుషులం, ఒక ఇనప పొయ్యి, పదకొండు వేల చీట్లు. స్వతంత్రం వచ్చిన దగ్గర్నుంచి ఊళ్లన్నీ మా పాత పేరు మాకిచ్చేయమని అర్జీలు పెడుతున్నాయి. ఒక్కో పేరుకు ఒక్కో చీటీ. కిర్గిజ్‌లో దాని అర్థమేమిటి, రష్యన్‌లో ఏమిటి, మంగోలులో, పారసీకంలో ఏమిటి అని నేను గళ్లలో రాస్తాను. రోజంతా ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. నాకు ఇంతకన్నా మంచి ఉద్యోగం ఉండదు.

నిన్న ఒక కొండ వచ్చింది. దాని పేరులో మూడు ముక్కలున్నాయి. మొదటిదానికి మంగోలులో కొండ అని అర్థం, రెండోదానికి పారసీకంలో కొండ, మూడోదానికి మన భాషలో కొండ. వచ్చినవాళ్లంతా దాన్ని చూసి ఒకే మాట అన్నారన్నమాట.

ఇవాళ మన ఊరి చీటీ వచ్చింది. ఇప్పటి పేరు క్రాస్నీ మయాక్, అంటే ఎర్ర దీపస్తంభం. సముద్రం ఎలా ఉంటుందో ఎరగని ఊరికి దీపస్తంభం ఎందుకని మా పెద్దాయన బాకిర్ ఓస్మోనొవిచ్ నన్నే అడిగారు. నేను తల వంచుకున్నాను. సతార్‌కుల్ పెద్దతాతయ్య ఊరి తరఫున అర్జీ పంపారు. మన పాత పేరు 'జోల్బోర్స్' అట, పులి. మన పూర్వీకుడొకాయన అక్కడ పులిని చంపాడట. అయితే 1934లో గీసిన పటం మీద మన ఊటకూ, దాని పక్క ఇళ్లకూ 'అక్-తెమిర్' అని ఉంది. తెల్ల ఇనుము. బాకిర్ ఓస్మోనొవిచ్‌కు పులి నచ్చలేదు, ఇనుము నచ్చింది. పూర్వం అక్కడ కొలుములుండేవని ఆయన నలభై పేజీల వ్యాసం రాస్తున్నారు.

ఆగస్టులో ఆయన ఊరికి వచ్చి పెద్దవాళ్ల సాక్ష్యం తీసుకుంటారు. ఆ తర్వాత పేరు ఖాయమైపోతుంది. మళ్లీ మార్చరు. ఊళ్లో అందరికన్నా పెద్దకోడలివి నువ్వే కదా. నీకు ఏ పేరు తెలుసు? ఒక ముక్క రాయి.

నీ బెగాయిమ్

—

మన ఊరు,
4 ఏప్రిల్

బెగాయిమ్ తల్లీ,

నీ ఉత్తరాన్ని పాల వ్యాను డ్రైవరు మూడు రోజులు జేబులో తిప్పి తెచ్చిచ్చాడు. ఉద్యోగం మంచిదే. మాట్లాడనక్కర్లేని ఉద్యోగమని మురిసిపోకు. చిన్నప్పుడు నిన్ను ఆ హాస్టలు బడిలో వేసినప్పుడే అన్నాను, ఈ పిల్లకు చదువు వస్తుంది, నోరు పోతుందని.

ఇక్కడ గొర్రెలు ఈనుతున్నాయి. నలభై ఒక్క పిల్లలు. రెండు కవలలు. నా మోకాలు బాగానే ఉంది, వాతావరణం మారేటప్పుడు మాత్రం రేడియోకన్నా ముందే చెప్తోంది.

మన సతార్‌కుల్ పెద్దాయన పులి సంగతి ఇంకా పెంచారు. శీతాకాలంలో ఆ పులి పొడవు తోకతో కలిపి మూడు బారలు. ఇప్పుడు నాలుగు. ఆగస్టుకి మన లోయలో పట్టదేమో. మొన్న టీ దగ్గర నేనన్నాను, "బావగారూ, పులి గడ్డి తినదు కదా, మన ఊళ్లో గడ్డి తప్ప ఏముంది, అదెందుకొచ్చిందంటారు?" "నీకేం తెలుసు, నువ్వు పై ఊరి పిల్లవి" అన్నారు. యాభై తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉన్నాను. ఇంకా పై ఊరి పిల్లనే.

నువ్వడిగినదానికి జవాబు: పులి వద్దు. ఇనుము అసలే వద్దు. మీ పెద్దాయనను వ్యాసం ఆపమను. ఎందుకంటే చెప్పను. ముసలిదాన్ని, నాకేం గుర్తుంటుంది.

ఎండబెట్టిన పెరుగు ఉండలు, కుర్త్, పంపుతున్నాను. ఒక్కదానివే తినకు, పక్కవాళ్లకు పెట్టి రెండు మాటలు మాట్లాడు.

నానమ్మ

—

బిష్కెక్,
9 మే

నానమ్మా,

నీకు గుర్తుండకపోవడమా! 1947లో ఏ ఆవుకు ఏ దూడ పుట్టిందో చెప్తావు.

నువ్వు చెప్పినట్టే కుర్త్ ఉండలు పక్కావిడకు పెట్టాను. ఆమె రైహాన్ గారు, టైపు చేస్తారు. రెండు మాటలు మాట్లాడమన్నావు కదా, ఆమె చెవులకు ఇంతకుముందు చూడని పోగులుంటే ఇలా అన్నాను: "ఈ తెల్ల ఇనుము మీకు చాలా బాగుంది."

ఆమె ముఖం ఎర్రబడింది. "ఇనుమా? మా అమ్మ పెళ్లినాటి వెండి ఇది!"

"అవును, వెండే. దాన్నే కదా తెల్ల ఇనుము అంటారు?"

"ఎవరంటారు?"

నేను ఆలోచించాను. నువ్వంటావు. అమ్మ అంటుంది. పక్కింటి ఆవిడ అంటుంది. పెళ్లికూతురి జడబిళ్లలను, గుర్రపు జీను మీది పూలను, ఆఖరికి నిండు చంద్రుడి రంగును కూడా మీరంతా తెల్ల ఇనుమనే అంటారు. అది లోకమంతా వాడే మాటే అనుకున్నాను. రైహాన్ గారు నన్ను కూర్చోబెట్టి టీ పోసి చెప్పారు. ముందు తన మామగారి పేరు టైపు చేసి చూపించారు: తాష్‌బెక్, 'తాష్' అంటే రాయి. "అత్తింటి పెద్దల పేరు కోడలు నోటితో పలకకూడదు. అందుకని నలభై ఏళ్లుగా నేను దీన్ని గట్టిది అంటాను. మీ ఊరి కోడళ్లు ఎవరి పేరో తప్పిస్తున్నారమ్మాయ్."

మనవాళ్లు చిన్నప్పుడే కంఠస్థం చేయించే ఏడు తరాల తండ్రుల పేర్లూ కాగితం మీద రాశాను. ఏడుగురితో ఆగలేదు, పదకొండో ఆయన దాకా వెళ్లాను. బోరుబాయ్ ఉన్నాడు, ఇసాక్ ఉన్నాడు, చెరిక్ ఉన్నాడు. కుమూష్, అంటే వెండి, అనే మాట ఏ పేరులోనూ లేదు.

మరి మీరంతా పలకనిది ఎవరి పేరు? ఆ పటం మీద అక్-తెమిర్ అని ఎలా వచ్చింది? నాకు రెండో ప్రశ్నకు జవాబు తెలుస్తున్నట్టే ఉంది. అందుకే అడగడానికి భయంగా ఉంది.

బెగాయిమ్

—

వేసవి బీడు నుంచి,
15 జూన్

తల్లీ,

గుడారం వేసుకుని పది రోజులైంది. గుర్రప్పాల కుమిస్ బాగా పులిసింది. ఇక్కడ నా ఉత్తరం చదవడానికి ఎవరూ లేరు, గుర్రాలు తప్ప. కాబట్టి రాస్తాను.

నాకు పద్దెనిమిదేళ్లు. పెళ్లై పదకొండు రోజులు. కావడి భుజాన వేసుకుని ఊటకు వెళ్లాను. మగవాళ్లంతా ఉమ్మడి సేద్యపు కల్హోజు మీటింగులో ఉన్నారు. అక్కడ మూడు కాళ్ల యంత్రం పెట్టుకుని పటాలు గీసే రష్యా మనిషి ఒకడు, పక్కన ఒక దుబాసీ. "ఈ నీళ్ల పేరేమిటి కోడలా?" అన్నాడు దుబాసీ. కొత్తకోడలు పరాయి మగవాడి ముఖం చూడకూడదు, అతిథికి జవాబివ్వకుండా పోకూడదు. పేరు చెప్పకూడదు. ముఖానికి ముసుగు లాక్కుని, మా అత్తగారు నేర్పిన మాటే, అక్-తెమిర్ అనే చెప్పాను. ఆయన రాసేసుకున్నాడు. అంతే. నేను కావడి నింపుకుని వచ్చాను.

ఇంటికొచ్చి చెప్తే అత్తగారు నన్ను మెచ్చుకున్నారు. "నాలుక జాగ్రత్త గల పిల్ల" అన్నారు. తర్వాతెప్పుడో పటం వచ్చింది. మామగారు దాన్ని చూసి, "పటాన్ని తాగుతామా ఏం?" అని పక్కన పడేశారు. మగవాళ్లకు అది ఎప్పుడూ ఊట, అంతే. నీళ్లు మోసేవాళ్లకే దానికి పేరుండేది.

1952లో భూమి తవ్వే ఇంజినీర్లు వచ్చారు. పటంలో ఇనుము ఉందట. మూడు వేసవులు తవ్వారు. మీ పెద్దతాతయ్య బంగాళదుంపలు దాచుకునే గొయ్యి వాళ్లు తవ్విందే. ఆ మూడు వేసవులూ వాళ్లకు రొట్టెలు కాల్చి మోసింది నేను. ఎందుకమ్మా అంత ప్రేమ అని అందరూ ఎగతాళి చేశారు. వాళ్లకు చెప్పగలనా, వీళ్లు నా మాట కోసమే తవ్వుతున్నారని?

ఇప్పుడు ఆ మనిషి సంగతి. మీ తాతయ్యకు ముత్తవ్వ. అన్నదమ్ములు పోట్లాడుకుని ఒక వర్గం కొండ దాటి పోతోంది. శీతాకాలం నెత్తి మీద ఉంది. ఆమెకు భర్త పోయి నెల, చంకలో పిల్లవాడు. మంచు అంతా గడ్డకట్టిన చోట ఒక్క చాప మేర తడిగా ఉండటం ఆమె చూసింది. గొర్రెలు అక్కడే మూతులు పెడుతున్నాయి. ఆమె గుడారం తాళ్లు దించి, "మీరు వెళ్లండి. నేను ఇక్కడ నీళ్లు తాగుతాను" అంది. మగవాళ్లు అరిచారు, తిట్టారు, సాయంత్రానికి తామూ దిగారు. ఊరంతా ఆమె పిల్లలే.

ఆమె పేరు ఏడుగురు తండ్రుల్లో లేదు. అందులో ఆడవాళ్లుండరు. మనవలకు ఆమె పెద్దమ్మే, పేరుతో పనేముంది? ఊరి ఆడపిల్లలకు నేర్పలేదు, వాళ్లకు నిషేధం లేదు కాబట్టి. కోడలికి మాత్రం వచ్చిన రోజే అత్త పక్కన కూర్చుని ఇవిగో ఈ పేర్లు పలకకూడదని చెవిలో చెప్తుంది. పలకకూడదంటే ముందు తెలియాలి కదా. అలా ఆ పేరు ఆమె కోడలి నుంచి మా అత్తగారికి, ఆమె నుంచి నాకు వచ్చింది. ఇప్పుడు ఊళ్లో ఆమె పేరు తెలిసినవాళ్లంతా అది పలకలేనివాళ్లే.

నువ్వు మే నెల ఉత్తరంలో ఒక మాట రాశావు. వెండికి... చూశావా, రాయబోయి చెయ్యి ఆగింది. నువ్వు రాసిందే. నేను కాదనను.

ఆ తల్లి తెచ్చిన నీళ్లకు నేను అబద్ధప్పేరు పెట్టాను. చచ్చేలోగా అది తుడవాలి నాకు. ఎలాగో తెలియదు.

నానమ్మ

—

బిష్కెక్,
8 జులై

నానమ్మా,

నీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివి, నాలుగోసారి బాకిర్ ఓస్మోనొవిచ్ ముందు నిలబడి చదివాను. నేనే, గట్టిగా. ఆయన వ్యాసాన్ని సొరుగులో పెట్టేశారు. మూడో రోజు పొద్దున, "నలభై పేజీలు. పోనీలే, కాగితం మంచిది" అన్నారు. చిత్తుప్రతిని పారేయలేదు, దాని వెనక వైపు చీట్లు రాసుకోమని నాకిచ్చారు.

కాని ఒక చిక్కు ఉంది. పటం కాగితం. అర్జీ కాగితం. నీ మాటకు కాగితం లేదు. అలాంటప్పుడు ఊరి పెద్ద ఎవరో ఒకరు సభలో ఆ పేరును నోటితో చెప్పాలి, టేపులో ఎక్కాలి. రాసి ఇస్తే చెల్లదట. నేను చెప్పకూడదా అని అడిగాను. సంఘంలో పనిచేసేవాళ్లు సాక్ష్యం చెప్పకూడదు. జీపులో చోటు కూడా లేదు, నేను రావడం లేదు.

ఎవరూ చెప్పకపోతే పులి, లేకపోతే ఇనుము. ఆగస్టు పద్నాలుగో తేదీ, బడి హాల్లో.

నిన్ను చెప్పమని నేనడగను. ఆ పేరున్న నా మే నెల ఉత్తరం నీ దగ్గరే ఉంది కదా. దాచి ఉంచు.

బెగాయిమ్

—

మన ఊరు,
2 ఆగస్టు

తల్లీ,

కోడళ్లందరినీ మా ఇంటికి పిలిచి విషయం చెప్పాను. సంతోషిస్తారనుకున్నాను. నా మీద విరుచుకుపడ్డారు.

"అవ్వా, ఊరికి ఆ పేరు పెడితే బస్సులో ఎక్కడికని చెప్పాలి?" అంది ఒకతి.

"ఆసుపత్రిలో చిరునామా అడిగితే?"

"ఎర్ర దీపస్తంభం హాయిగా ఉంది. ఆ పేరు గలవాడు మా అత్తవారింట్లో ఎవడూ లేడు."

నవ్వలేక చచ్చాను. నిన్నగాక మొన్న వచ్చిన ఐజమాల్, మీ తమ్ముడి పెళ్లాం, మూల కూర్చుని మెల్లగా అడిగింది: "అవ్వా, అంత మంచి మనిషి పేరును ఎందుకు పలకకూడదు?" గౌరవం కోసం అన్నాను. "గౌరవంతో పలకకూడదా మరి?" అంది. పిల్ల నీకన్నా మాటకారి.

రేపు నూనెలో ఏడు రొట్టెలు వేయిస్తాను. ఆ వాసన పోయినవాళ్లకు చేరుతుందంటారు. చేరినప్పుడు ఆమెను అడుగుతాను. జవాబు వస్తే రాస్తాను.

నానమ్మ

—

మన ఊరు,
15 ఆగస్టు

తల్లీ,

జవాబు రాలేదు. రొట్టెలు మాత్రం బాగా వచ్చాయి.

నిన్న సభ. హాలు కిక్కిరిసింది. మీ పెద్దాయన సన్నగా, మర్యాదగా ఉన్నారు, టేపు పెట్టెను పసిపిల్లలా ఎత్తుకుని తెచ్చారు. ముందు మన పెద్దాయన లేచి పులిని చంపారు. అరగంట పట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత నన్ను పిలిచారు. మైకు నా గడ్డం దగ్గర పెట్టారు. నోరు తెరిచాను. ప్రమాణంగా చెప్తున్నాను, చెబుదామనే తెరిచాను. ఏమీ రాలేదు. ముసలి ఒంటె ఆవులించినట్టుంది. పిల్లలు నవ్వారు.

"చెప్పలేని పేరు ఊరికెందుకు? పులే ఖాయం!" అన్నారు పెద్దాయన.

నాకు రోషం వచ్చింది. "బావగారూ, మన ఏడుగురు తండ్రుల పేర్లు చెప్పండి" అన్నాను. ఆయన లేచి, ఛాతీ విరిచి, గుక్క తిప్పుకోకుండా చెప్పారు.

"అందులో రెండో ఆయన్ను కన్న తల్లి పేరు?"

"పెద్దమ్మ."

"పేరు, బావగారూ."

ఆయన అటు చూశారు, ఇటు చూశారు. తెల్లగడ్డాలన్నీ టోపీలు సర్దుకున్నాయి. ఒక్కరికీ తెలియదు.

అప్పుడు మీ పెద్దాయనతో అన్నాను, "అయ్యా, ఈ పెట్టె పట్టుకుని ఆడవాళ్ల వరస వెంట నడవండి. చెవిపోగు దేనితో చేస్తారో ఒక్కొక్కరినీ అడగండి." ఆయన నడిచారు. ఇరవై ముగ్గురు కోడళ్లు. తెల్ల ఇనుము. తెల్ల ఇనుము. తెల్ల ఇనుము. పదో మనిషి దగ్గరికి వచ్చేసరికి హాల్లో నవ్వు ఆగిపోయింది. ఇరవయ్యో మనిషి దగ్గర మగవాళ్లు తమ పెళ్లాలను కొత్తగా చూస్తున్నారు.

నీ మే నెల ఉత్తరాన్ని తీసి బావగారి చేతిలో పెట్టి, ఆ మాట మీద వేలు పెట్టి చూపించాను. "మీ ముత్తవ్వ. ఈ నీళ్లు చూసింది ఆమె. నేను పలకకూడదు. మీకు ఏ అడ్డూ లేదు" అన్నాను. పటానికి నేను చెప్పిన అబద్ధం కూడా అందరి ముందూ ఒప్పుకున్నాను.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. తీసేసి తుడిచి మళ్లీ చదివారు. ఎనభై ఆరేళ్ల మనిషి, మైకు దగ్గరికి తనే నడిచి వెళ్లి, ఆ పేరు పలికారు. రెండుసార్లు. రెండోసారి మెల్లగా, పిలిచినట్టు.

తర్వాత ఆయన గొంతు సవరించుకుని, "ఆ పులిని చంపింది కూడా ఆవిడే అయి ఉంటుంది" అన్నారు.

నానమ్మ

—

బిష్కెక్,
20 సెప్టెంబరు

నానమ్మా,

ఇవాళ సంఘంలో ఓటేసే సభ్యులంతా కూర్చున్నారు. తొమ్మిది మంది. టేపు విన్నారు. పెద్దతాతయ్య గొంతు విని ఒకాయన ముక్కు చీదుకున్నారు. అయినా ఇంకొకాయన, "టేపు సరే. కాని 1934 పటం ప్రభుత్వ పత్రం. ఒక ముసలామె జ్ఞాపకం కోసం పత్రాన్ని కాదంటామా?" అన్నారు.

నేను చీట్లు అందించడానికే అక్కడున్నాను. లేచానని లేచాకే తెలిసింది.

"ఆ పత్రంలో ఉన్నదీ ఆ ముసలామె మాటేనండీ. పద్దెనిమిదేళ్లప్పుడు ముసుగులోంచి చెప్తే నమ్మి అచ్చు వేశారు. డెబ్బై ఏడేళ్లప్పుడు ముసుగు తీసి చెప్తే నమ్మరా?"

ఆ తర్వాత ఎలా కూర్చున్నానో తెలియదు. రైహాన్ గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. చేతులెత్తారు. ఏడుగురు ఇటు, ఇద్దరు అటు.

కుమూష్-బులక్. కుమూష్ ఊట. చీటీ నేనే రాశాను. రష్యన్ గడి, మంగోలు గడి, పారసీకం గడి ఖాళీగా వదిలేశాను. అర్థం దగ్గర 'ఒక మనిషి పేరు' అని రాశాను.

బెగాయిమ్

—

మన ఊరు,
17 అక్టోబరు

తల్లీ,

పలక వచ్చింది. రోడ్డు మొదట్లో పాతారు. నీలం మీద తెల్ల అక్షరాలు. పెద్దాయన రోజూ వెళ్లి తుడుస్తున్నారు. పులి బొమ్మ ఒకటి కింద వేయిస్తే బాగుంటుందని ఆయన ఆలోచన. పోనీలే అన్నాను.

కోడళ్ల గొడవ మాత్రం తేలలేదు. పెద్దదాన్ని నేను పలికితేనే తామూ పలుకుతామని కూర్చున్నారు. బావగారు ఊరందరి ముందూ, "మా అందరి తరఫునా చెప్తున్నాను, పలుకు" అని సెలవిచ్చారు కూడా. ఇంట్లో ప్రయత్నించాను. పొయ్యి దగ్గర, ఆవు దగ్గర. నాలుక పైకి లేచి ఆగిపోతుంది. అరవై ఏళ్ల అలవాటు, దానికీ పౌరుషం ఉంటుంది.

నిన్న ఐజమాల్‌నీ మరో ఇద్దరు కోడళ్లనూ తీసుకుని బజారుకు పట్నం వెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు బస్సు డ్రైవరు కొత్తవాడు. నిండా జనం. తలుపు దగ్గర ఆపి, "ఎక్కడికవ్వా?" అన్నాడు. ఐజమాల్ వైపు చూశాను. అది నేల చూసింది. మిగతా ఇద్దరూ నేల చూశారు. వెనక జనం తోస్తున్నారు. "చెప్పవ్వా, పొద్దు పోతోంది!"

దీపస్తంభం అందామనుకున్నాను. నాలుక చివర సిద్ధంగా ఉంది. తల్లీ, అప్పుడు నాకు ఆమె కనిపించింది. చంకలో పిల్లవాడు, చుట్టూ అరిచే మగవాళ్లు, తాళ్లు దించుతూ ఆమె.

"కుమూష్-బులక్," అన్నాను.

గొంతు గట్టిగానే వచ్చింది. బస్సు చివరి సీటు వాళ్లు కూడా తిరిగి చూశారు. డ్రైవరు బుర్ర గోక్కున్నాడు. "ఆ పేరు గల ఊరు ఈ దారిలో లేదే అవ్వా."

"ఉంది నాయనా," అంది వెనకనుంచి ఐజమాల్. "కుమూష్-బులక్. మాకూ అక్కడికే." మూడోది కూడా అంది, నాలుగోది కూడా అంది. ఒకరి మీద ఒకరు పోటీపడి, అవసరం లేకపోయినా, మళ్లీ మళ్లీ అన్నారు.

"ముందు బండి పోనీ," అన్నాను డ్రైవరుతో, ముందు సీట్లో కూర్చుంటూ. "దారి నేను చెప్తాను."

నానమ్మ